ఎడమచేతి ట్రంపెట్

చేతిలో పధ్నాలుగో నంబరు చీటీ. లోపల డాక్టరమ్మ దగ్గర ఉన్నది తొమ్మిదో నంబరు. పన్నెండు పిలవగానే లేవాలి, ఇప్పుడే వస్తానని భార్యతో అనాలి, చేతులు కడుక్కునే తొట్టి వైపు నడిచినట్టే నడిచి మెట్లు దిగాలి, వీధి మలుపు తిరిగితే తన కటింగు షాపు, షట్టరు సగం ఎత్తి లోపలికి దూరితే ఇంక దేవుడికి కూడా దొరకడు. పొద్దున చెప్పులు తొడుక్కునేటప్పుడే ఇదంతా అనుకుని బయల్దేరాడు అతను. పై వరసలో ముందు పళ్ళు రెండు కదులుతున్నాయి. పోయిన వారం డాక్టరమ్మ పుల్లకు అతికించిన చిన్న అద్దం నోట్లో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి, ‘తాతగారూ, ఈ రెండూ ఉండవు. చిగురు కింద చీము పట్టింది. ఎముకలోకి దిగిందంటే పక్కవాటిని కూడా లాక్కుపోతుంది. తీసేసి పెట్టుడు పళ్ళు పెడతాను, తేడా ఎవరికీ తెలీదు’ అంది. ఎవరికీ తెలియకపోవచ్చు, ట్రంపెట్‌కు తెలుస్తుంది. ఆ ఇత్తడి మూతి వచ్చి ఆనేది పెదవి మీదే అయినా, పెదవి వెనక గోడలా నిలబడేవి ఆ రెండు పళ్ళే. గోడ కూలాక పెదవి దేనికి ఆనుకుంటుంది? ఈ మాట డాక్టరమ్మతో అనలేదు. ఆలోచించుకుని వస్తానని లేచి వచ్చేశాడు. ఇంట్లోనూ అనలేదు. ‘నలభై ఏళ్ళుగా ఊరందరి గొంతు మీద కత్తి పెట్టిన మనిషి, సూదంటే ఇంత భయమా!’ అని భార్య వారం రోజులుగా దెప్పుతూనే ఉంది. భయమనే అనుకోనీ అని ఊరుకున్నాడు. సూదికి భయపడ్డాడంటే ఎవరైనా నమ్ముతారు. ఈ వయసులో ఒక కటింగు షాపువాడు బూర ఊదడం మానాల్సి వస్తుందని దిగులుపడుతున్నాడంటే ఎవరు నమ్ముతారు, ఎవరికి చెప్పుకుంటాడు?

గదిలో లవంగ నూనె వాసన. లోపలినుంచి జుయ్యిమని మర తిరుగుతున్న చప్పుడు, అది ఆగినప్పుడల్లా బెంచీల మీద ఉన్నవాళ్ళందరూ ఒక్కసారి ఊపిరి వదలడం. భార్య ఒళ్ళో సంచీ పెట్టుకుని అప్పుడే పక్కామెతో చుట్టరికం కలిపేసింది. పక్కామెది పదకొండో నంబరు, దవడ చుట్టూ తువ్వాలు కట్టుకుని ఉంది. ‘ఎన్నాళ్ళయిందమ్మా?’ అంటే నోరు తెరవలేక మూడు వేళ్ళు చూపించింది. ‘మూడు రోజులేనా! మా ఆయన మూడు నెలలు దాచాడు. ఒక పక్కనే నములుతుంటే నేను కనిపెట్టా. చెప్పడమ్మా. ఇల్లు తగలబడుతున్నా, కాస్త వేడిగా ఉందంటాడు, అంతే.’ పదకొండో నంబరామె నవ్వబోయి, తువ్వాలు పట్టుకుని మూలిగింది. ‘నవ్వించకండి అక్కా’ అని పళ్ళ సందుల్లోంచి అంది. అతను కదిలే పంటిని నాలుకతో ముందుకు తోశాడు, వెనక్కి లాగాడు. పాత ఇంటి కిటికీ రెక్కలా ఉంది. రెక్క ఊగినా కిటికీ కిటికీయే కదా, మూసుకుంటుంది, తెరుచుకుంటుంది. నిన్న మధ్యాహ్నం షాపు మూసి, తువ్వాలు ట్రంపెట్ గొట్టంలో కుక్కి ఊదితే పలికింది. నొప్పితో కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ పలికింది. నొప్పిని ఓర్చుకోవచ్చు. పలక్కపోతేనే ఏం చెయ్యాలో తెలియదు.

‘పది’ అని పిలిచింది చీటీల అమ్మాయి. గోడ మూల ఎత్తున టీవీ ఉంది, దానికి గొంతు లేదు. శబ్దం పెంచరాదని కింద కాగితం అంటించారు, అది కూడా భార్యే చదివి చెప్పింది. తెర మీద ఒకామె చాప మీద కూచుని కాళ్ళు సాచి వంగుతోంది, ఏదో చెబుతోంది, పెదవులు మాత్రం ఆడుతున్నాయి. ఆమె పోయింది. తెర నల్లబడి మళ్ళీ వెలిగేసరికి బూడిదరంగు పరదా. పరదా ముందు ఎవ్వరూ లేరు. అతని వెన్ను దానంతటదే నిటారైంది. ఆ పరదా మడతలు అతనికి తెలుసు, నాలుగో మడత దగ్గర కాస్త వెలిసిన చోటు కూడా తెలుసు. పక్కనుంచి ఒక ముసలాయన నడిచి వచ్చాడు, చంకలో ట్రంపెట్, చూస్తే పొద్దున పూట పేపరు పట్టుకుని వీధిలోకి వస్తున్నట్టే. వెనక వాయిద్యాలవాళ్ళు లేరు, మాట కలిపేవాళ్ళు లేరు. ఒక్కడే. ఎప్పట్లాగే ఒక్కడే. పదకొండేళ్ళ నుంచీ కనిపించని మనిషి. పోయాడని షాపుకొచ్చే పేపరాయన అన్నాడు, మతి తప్పిందని టైలరు అన్నాడు, ఎవరు ఏమన్నా అతను కుర్చీలో ఉన్నవాడి తల దువ్వుతూనే ఉండేవాడు, అన్నవాళ్ళ చెంపల మీది జుట్టు మాత్రం ఆ రోజు కాస్త పొట్టిగా పోయేది.

అప్పట్లో ఆయన వచ్చేది ఆదివారం తొమ్మిదిన్నరకు. షాపులో కాలు పెట్టడానికి చోటుండని గంట అది. బెంచీ నిండా మనుషులు, గుమ్మంలో ఇద్దరు, కుర్చీలో ఒకడు. టీవీ ఉన్నది అతని వీపు వెనక, పై గోడకు కొట్టిన బల్ల మీద, ఎందుకంటే ప్లగ్గు అక్కడే ఉంది. తను నిలబడేది అద్దం వైపు తిరిగి. అందుకని టీవీ చూడాలంటే అద్దంలోనే చూడాలి, కుర్చీలో ఉన్నవాడి తల మీదుగా. తెర కింద వచ్చే అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి. మూడో తరగతితో బడి ముగిసినవాడికి తిరగబడ్డ అక్షరాలూ, సరిగ్గా ఉన్న అక్షరాలూ ఒక్కటే, రెండూ పలకరించకుండానే వెళ్ళిపోతాయి. ఆ మొదటి ఆదివారం కుర్చీలో ఉన్నది టైలరు. ఒక చెంప గీసి రెండో చెంపకు నురగ పెట్టాడు, కత్తి ఎత్తాడు, అద్దంలో బూడిదరంగు పరదా ముందు పొడుగాటి మనిషి ఒకడు ట్రంపెట్ పెదవికి ఆనించాడు. అంతే, కత్తి గాల్లోనే ఉండిపోయింది. ఆ స్వరం ఎలా ఉందంటే, ఎవరో పెద్దవాళ్ళు పక్కగదిలోంచి పేరు పెట్టి పిలిచినట్టు ఉంది. గట్టిగా కాదు. ఇంకెవరినీ కాదు. చివర పాట ఒకటి వాయించాడు, నెమ్మదిగా మెట్టు మెట్టు ఎక్కుతూ పోయి, ఒకచోట మునివేళ్ళ మీద లేచి, ఇంకో బెత్తెడు పొడుగైనట్టు సాగి, ఆ పై స్వరాన్ని అందుకుని, పట్టుకుని, పగిలిపోతుందేమో అన్నంత మెల్లగా కింద పెట్టాడు. ‘బాబాయ్, నురగ ఎండి చర్మం లాగుతోంది’ అన్నాడు టైలరు. ‘ఉండు’ అన్నాడు అతను. టైలరు ఆ మాట ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాడు: ‘నా పెళ్ళి అయినప్పటినుంచీ నన్ను ఉండమన్నది ఇద్దరే, మా ఆవిడా, మన బాబాయీ.’

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆ అరగంట షాపులో ఎవరికీ గడ్డం సరిగ్గా కుదిరేది కాదు. తెలిసినవాళ్ళు ఎనిమిదింటికే వచ్చేవాళ్ళు, తెలియనివాళ్ళు గాటు పడి వెళ్ళేవాళ్ళు. ఆయనలో అతనికి నచ్చినవి వాయింపు ఒక్కటే కాదు. ఆయన పాటకూ పాటకూ మధ్య ట్రంపెట్‌ను కిందికి వంచి, చిన్న మీట నొక్కి, లోపల చేరిన నీళ్ళను నేల మీదికి వదిలేవాడు. లక్షల మంది చూస్తున్నారని తెలిసీ, పక్కకు తిరక్కుండా, సిగ్గుపడకుండా, ఇదీ పనిలో భాగమే అన్నట్టు. అతను కూడా కత్తికి అంటిన నురగను అంతే శ్రద్ధగా తుడుస్తాడు కాబట్టి అది చూసి పొంగిపోయాడు. ఇంకొక ఆదివారం ఆయన మధ్యలో ఆగిపోయాడు. మరిచిపోయాడో, ఏమనుకున్నాడో, ట్రంపెట్ దించి పరదా వైపు చూశాడు. బెంచీ మీద ‘పోయింది, పోయింది’ అన్నారు. ఆయన తొందరపడలేదు. తాళంచెవి ఏ జేబులో పెట్టుకున్నానా అని వెతుక్కునే మనిషిలా నిలబడి, దొరికాక తల ఊపుకుని, ఆగిన చోటునుంచి కాదు, దానికి రెండడుగుల వెనకనుంచి మొదలుపెట్టాడు. చేసిన తప్పును కప్పిపుచ్చుకోని మనిషి! అతను ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. రోజూ మాట్లాడడు గనక ఎవరూ గమనించలేదు. ఆయన్ని ఎప్పుడూ పేరుతో అనుకోలేదు, ఆయన అనే అనుకునేవాడు, ఇంట్లో భార్య మాత్రం ‘మీ బూరాయన’ అనేది. ఆవిడ ఆయన్ని చూసిందీ లేదు, విన్నదీ లేదు. ఆసుపత్రి బట్టలు ఉతికేచోట ఆవిడకు ఆదివారాలు డ్యూటీ, డ్యూటీలు మానేసేసరికి ఆయన తెర మీంచి మాయమయ్యాడు.

ట్రంపెట్ ఇచ్చింది బ్యాండాయన. పెద్ద మీసం, ఆ మీసం వల్లనే నెలకు రెండుసార్లు వచ్చేవాడు. ఊదడం మానేసి కూతురు దగ్గరికి వెళ్ళిపోతూ, పెట్టె తెచ్చి కుర్చీలో పెట్టాడు. ‘దీంట్లో మా అల్లుడివాళ్ళు పువ్వులు పెట్టుకుంటారు. నీ దగ్గరైతే కనీసం తుడుస్తావు’ అన్నాడు. పెదవులు బిగించి తుర్రుమనిపించడం ఒకటి చూపించి బస్సెక్కి పోయాడు. మిగిలినదంతా నేర్పింది అద్దమే. మొదటి రెండు నెలలు ట్రంపెట్‌లోంచి కుక్కపిల్ల గొణిగినట్టు చప్పుడొచ్చేది, నీళ్ళు వదలాలని ఆయన్ని చూశాక గానీ తట్టలేదు. ఏ మీట ఎప్పుడు నొక్కాలో ఆదివారం అద్దంలో ఆయన వేళ్ళు చూసి, సోమవారమంతా దువ్వెన మీద నొక్కుకుంటూ, సెలవు రోజు మధ్యాహ్నం షట్టరు దించి ఊదేవాడు. అన్నీ నేర్చుకోలేదు. ఆ చివరి పాట ఒక్కటే. మూడేళ్ళు పట్టింది, అదీ పై స్వరం దాకా. పై స్వరం రాలేదు. అక్కడికి వెళ్ళగానే పెదవి మొండికేసి గాలి ఒక్కటే పోయేది, తలుపు సందులోంచి చలి వచ్చినట్టు. అతను అక్కడ ఒక్క క్షణం ఆగి, ఏమీ జరగనట్టు పక్కనుంచి వెళ్ళిపోయేవాడు.

మూడేళ్ళ తర్వాత బ్యాండాయన మీసం కత్తిరించుకోవడానికి వచ్చాడు. ‘ఏమోయ్, పువ్వులు పెట్టావా, ఊదావా?’ అన్నాడు. అతను షట్టరు సగం దించి, పెట్టె తీసి, ఊదాడు. బ్యాండాయన కళ్ళు మూసుకుని విన్నాడు, తల ఊపాడు, కళ్ళు తెరిచాడు, తెరిచిన కళ్ళు ఇంకా పెద్దవయ్యాయి. ‘ఎడమ చేత్తో నొక్కుతున్నావేంరా?’ ‘మరి?’ ‘మరేంటి? ప్రపంచంలో ఎవడైనా కుడి చేత్తో కదరా నొక్కేది! నీకెవడు నేర్పాడు?’ ‘ఆయన’ అని టీవీ వైపు చూపించాడు అతను. చూపించిన చెయ్యి మాత్రం అద్దం వైపు పోయింది. బ్యాండాయన అద్దాన్ని చూశాడు, వెనక్కి తిరిగి టీవీని చూశాడు, మళ్ళీ అద్దాన్ని చూశాడు. తర్వాత బ్యాండాయన కుర్చీలో కూలబడి మోకాళ్ళు బాదుకుంటూ నవ్విన నవ్వుకు గుమ్మంలోకి జనం వచ్చారు. ‘ఒరేయ్, పుట్టినప్పటినుంచీ అద్దం ముందే బతుకుతున్నావు కదరా, నీ కుడేదో ఎడమేదో...’ అని నీళ్ళు తాగి మళ్ళీ నవ్వాడు. నిజమే. కుర్చీలో ఉన్నవాడు అద్దంలో చూసి ఈ చెంప ఇంకాస్త తగ్గించు అంటే ఏ చెంపో క్షణం కూడా తడుముకోని మనిషి. మనుషుల కుడి ఎడమలు తెలుసు. ఆయన విషయంలో మాత్రం అద్దమని తోచలేదు, ఆయన నిజంగా అక్కడే, ఆ గోడ లోపల నిలబడి ఉన్నట్టే చూశాడు మూడేళ్ళు. ‘ఇప్పటికైనా చెయ్యి మార్చు’ అన్నాడు బ్యాండాయన వెళ్తూ. మార్చలేదు. ఒక రోజు ప్రయత్నించాడు. కుడి చెయ్యి పొద్దంతా కత్తెర ఆడించి ఆడించి అలిసిపోయి ఉంటుంది, కత్తెర పని దానిది. ఆయన పని ఎడమ చేతిది. పంపకం అయిపోయింది, మళ్ళీ తగువెందుకు.

‘పదకొండు.’ తువ్వాలామె లేచింది. ‘ధైర్యంగా వెళ్ళమ్మా, ఒక్క చురుకు, అంతే’ అంది భార్య, తనేదో ఎన్నో పళ్ళు తీయించుకున్నట్టు. ఆవిడకు ముప్పై రెండూ ఉన్నాయి. తర్వాత పన్నెండు. పన్నెండు పిలిస్తే లేవాలి. మెట్లు పద్దెనిమిది, వచ్చేటప్పుడు చూసుకున్నాడు. తెర మీద ఆయన ఏదో మాట్లాడుతున్నాడు, చేత్తో గాల్లో చిన్న గీత గీస్తున్నాడు, శబ్దం లేదు. జుట్టు పల్చబడింది, నెత్తిన గాలికి లేచే నాలుగు వెంట్రుకలు. తన దగ్గరకు వస్తే వాటిని అలాగే ఉంచేవాడు, దువ్వకుండా. మెడ వెనక ఎవడో సరిగ్గా గీయలేదు. ఆయన్ని ఇలా అద్దంలో కాకుండా తిన్నగా చూస్తుంటే ఇప్పటికీ కాస్త పరాయిగా ఉంటుంది, అలవాటైన మనిషి అన్నయ్యలాగో తమ్ముడిలాగో. వినపడకపోయినా ఫరవాలేదు, వేళ్ళు చూస్తే చాలు, ఏ పాటో తెలిసిపోతుంది. ఇదొక్కటీ చూసి వెళ్ళొచ్చు. ‘ఈయనేనా?’ అంది భార్య అతని చూపు వెంట చూసి. ‘మీ బూరాయన ఈయనేనా? అయ్యో, ముసలాడైపోయాడే.’ ఆవిడ కంఠంలో నిజంగానే జాలి, ఎరిగున్న మనిషి చిక్కిపోయి కనబడినట్టు. అతను తల ఊపాడు. ‘మరి నాతో ఎప్పుడూ ఇంత పెద్దాయనని చెప్పలేదేం?’ అంది. ఏం చెప్పాలి? పొద్దున అయింది కదా అని సూర్యుడి సంగతి ఎవరైనా ఇంట్లో చెబుతారా?

ఆయన ట్రంపెట్ ఎత్తాడు. పెదవి దగ్గరకు తెచ్చి, ఆగి, పై పెదవిని ఒకసారి లోపలికి పీల్చి సర్దుకున్నాడు. తెర మీద ముఖం దగ్గరగా వచ్చింది. అతను బెంచీ మీద ముందుకు జరిగాడు. పెదవుల సంగతి అతనికి తెలిసినంత ఏ డాక్టరుకూ తెలియదు. నలభై రెండేళ్ళుగా పై పెదవి మీద కత్తి నడిపినవాడు. వెనక సొంత పళ్ళుంటే పెదవి నేల మీద పరిచిన దుప్పటిలా ఉంటుంది, కత్తి జారిపోతుంది. పళ్ళు లేకపోతే దండెం మీది గుడ్డలా వేలాడుతుంది, నాలుక అడ్డం పెట్టుకోండి అని చెప్పి గీయాలి. పెట్టుడు పళ్ళయితే ఇంకోరకం. దుప్పటి కింద మంచం ఉన్నట్టే ఉంటుంది గానీ, అంచు దగ్గర ఒక్క గీత, ముక్కు కిందనుంచి మూల దాకా, అద్దె ఇంట్లో సామాను సర్దినట్టు అంతా ఉన్నా ఏదో కుదురుకోనట్టు. ఆ గీతను అతను వీధి అవతలినుంచి కూడా పోల్చగలడు. ఆయన పెదవి మీద ఉంది ఆ గీత. ట్రంపెట్ మూతి కూడా ఎప్పటి చోట లేదు, ఒక వేలు వెడల్పు పక్కకు జరిగింది. పదకొండేళ్ళు. పోయాడన్నారు, మతి తప్పిందన్నారు. ఈయన ఎక్కడో గదిలో కూచుని, పోయిన పళ్ళ చోట పెట్టుకున్న పళ్ళకు, ఎనభై ఏళ్ళ వయసులో, మొదటినుంచీ పలకడం నేర్పుతున్నాడు. కుక్కపిల్ల గొణిగినట్టు. తలుపు సందులో చలి వచ్చినట్టు.

‘పెట్టుడు పళ్ళు’ అన్నాడు అతను పైకి.

‘ఎవరికి? మీకా? ఇంకా తీయనే లేదుగా’ అంది భార్య.

‘పన్నెండు’ అంది చీటీల అమ్మాయి. అతను లేచాడు. భార్య సంచీ పట్టుకుని చూసింది. మెట్లు ఎడమ పక్కన ఉన్నాయి. అతను నేరుగా బల్ల దగ్గరకు వెళ్ళి నిలబడ్డాడు. ఆ అమ్మాయి తలెత్తింది. ‘మీది పధ్నాలుగు కదా తాతగారూ, ఇంకా ఇద్దరున్నారు.’ అతను టీవీ వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. ‘శబ్దం’ అన్నాడు. ‘పెట్టకూడదండీ. లోపల పేషెంట్లకు ఇబ్బంది అని డాక్టరుగారే రాయించారు.’ అతను కదల్లేదు. ఆయన వేళ్ళు అప్పుడే రెండో వరసలోకి వచ్చేశాయి, అదే పాట, ఆ చివరి పాట. అప్పటికి భార్య వచ్చేసింది. ‘అమ్మాయ్, నా పెళ్ళయి నలభై నాలుగేళ్ళయింది. ఈ మనిషి నోరు తెరిచి ఎవర్నీ ఏదీ అడగ్గా నేను చూళ్ళేదు. అన్నంలో ఉప్పు లేకపోయినా అడగడు. ఇవాళ నిన్ను అడిగాడు. పెడతావా, నన్నక్కడ కుర్చీ వేసుకుని ఎక్కమంటావా?’ బెంచీల మీద నవ్వారు. ‘పెట్టమ్మా, ఆ మర గోల కంటే నయమే’ అన్నాడు పదమూడో నంబరాయన. ఆ అమ్మాయి గుమ్మం వైపు ఒకసారి చూసి, సొరుగులోంచి రిమోటు తీసి, ‘ఈ ఒక్క పాటే’ అంది.

వచ్చింది. మొదట బొంగురుగా వచ్చింది. ఆ పక్కగదిలోంచి పిలిచే గొంతే, కానీ పిలిచేవాళ్ళకు కాస్త ఆయాసం. అంచుల్లో గాలి జారుతోంది, ఒక స్వరం చిట్లింది కూడా, చిట్లిన స్వరాన్ని ఆయన తుడిచెయ్యలేదు, దాని పక్కనే ఇంకొకటి పెట్టాడు. అతను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఎడమ చేతి వేళ్ళు చెక్క మీద వాటంతటవే నొక్కుకుంటున్నాయి. మెట్టు, ఇంకో మెట్టు, ఇంకొకటి. ఇప్పుడు వస్తుంది పై స్వరం. ఇప్పుడు మునివేళ్ళ మీద లేస్తాడు. ఈ పళ్ళతో ఎలా అందుకుంటాడు? పోతుంది, అందరి ముందూ గాలి పోతుంది. ఆయన అక్కడి దాకా వచ్చాడు. మడమలు నేలకు ఆనించి నిలబడ్డాడు. పైకి చూశాడు, ఎరిగున్నవాళ్ళ ఇంటి మేడను చూసినట్టు. ఎక్కలేదు. కిందికి దిగి, ఆ స్వరాన్నే అడుగున, లోతులో, గదిలో ఉన్నవాళ్ళకు మాత్రమే చెబుతున్నట్టు పలికించాడు. అది ఓటమిలా లేదు. పైనున్నదాన్ని ఇన్నేళ్ళూ మీకు చూపించాను, ఇది దాని ఇల్లు, రండి కూచోండి అన్నట్టు ఉంది. అతనికి ఒక్కసారి నవ్వొచ్చింది. పళ్ళు పోతే ఏది పోతుందని వారం రోజులుగా నిద్రలేకుండా బెంగపెట్టుకున్నాడో, ఆ పై స్వరం తనకు ముప్పై రెండు పళ్ళూ ఉన్నప్పుడు కూడా ఎప్పుడు వచ్చింది గనక!

‘ఇదేంటండీ, తప్పు వాయిస్తున్నాడు?’ అంది భార్య.

అతను తిరిగి చూశాడు.

‘ఇక్కడ ఇలా దిగడు కదా. ఇక్కడికి రాగానే కాస్త ఆగాలి. ఒక్క క్షణం ఏమీ ఉండదు. ఆ తర్వాత పక్కనుంచి వస్తుంది’ అని ఆవిడ బల్ల ముందు నిలబడి, సంచీ చంకకు సర్దుకుని, పెదవులు మూసి, గొంతులోనే పాడింది. మెట్టు మెట్టుగా, అతను తడబడే చోట తడబడుతూ, అతను ఊపిరి పీల్చే చోట పీలుస్తూ, పై స్వరం దగ్గర సరిగ్గా అతను ఆగినంత సేపు ఆగి, ఏమీ జరగనట్టు పక్కనుంచి వెళ్ళింది. ‘అదీ పాట’ అంది. ‘షట్టరు మూస్తే మాత్రం షాపు వెనక మన వాకిట్లోకి వినబడదనుకున్నారా? ఎన్నేళ్ళుగా వింటున్నా. ఈయన పెద్దాయనే, కాదన్ను. పాట మాత్రం ఈయనకు సరిగ్గా రాదు.’ పదమూడో నంబరాయన ‘మీరు సంగీతం నేర్చుకున్నారా అమ్మా?’ అన్నాడు. ‘నాకెందుకూ సంగీతం’ అంది ఆవిడ. తెర మీద ఆయన ట్రంపెట్‌ను కిందికి వంచి, మీట నొక్కి, నీళ్ళు వదిలాడు. ఆ అమ్మాయి శబ్దం తీసేసింది.

అతను వచ్చి బెంచీ మీద కూచున్నాడు. పదమూడు పిలిచారు. నిమిషాలు ఎలా నడిచాయో తెలియదు. కళ్ళ ముందు గోడ ఉంది, గోడ మీద ఏవేవో పళ్ళ బొమ్మలు, వాటి మధ్య మునివేళ్ళ మీద నిలబడ్డ పొడుగాటి మనిషి, ఉతికిన దుప్పట్లు ఆరేస్తూ వెనక వాకిట్లో ఆగి వింటున్న మనిషి, ఎన్నో మధ్యాహ్నాలు, తడి చేతులు చీరకు తుడుచుకుంటూ, పిలవకుండా, ఒక్కసారి కూడా లోపలికి రాకుండా. వస్తే తను ఆపేస్తానని తెలుసు కాబట్టే రాలేదు. మాట దాచుకోవడం తనకొక్కడికే వచ్చనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఇంట్లో ఇద్దరూ దాచుకున్నవాళ్ళే, ఒకళ్ళు వాగుతూ, ఒకళ్ళు వాగకుండా. ‘నీళ్ళు తాగుతారా?’ అంది భార్య. తల అడ్డంగా ఊపాడు. తర్వాత ఆవిడ చేతిలోంచి సంచీ తీసుకుని తన ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆవిడ వింతగా చూసింది.

‘పధ్నాలుగు.’

కుర్చీ వెనక్కి వాలింది. నలభై ఏళ్ళుగా మనుషుల్ని తనే వాల్చాడు, వాలడం ఇలా ఉంటుందని, కప్పు తప్ప ఏమీ కనబడదని ఇప్పుడు తెలిసింది. డాక్టరమ్మ మెడ చుట్టూ గుడ్డ కట్టి, వేళ్ళకు తొడుగులు లాక్కుంది. ‘పోయినసారి పారిపోయారు తాతగారూ. ఇవాళైనా ఆలోచించుకున్నారా?’

‘తీసెయ్యండి.’

‘అమ్మయ్య. సూదికి భయం లేదుగా?’

‘లేదు.’ ఆమె వెలుగును నోటి మీదికి దించబోయింది. అతను చెయ్యెత్తాడు. ఆమె ఆగింది. ‘పెట్టే పళ్ళు గట్టిగా ఉండాలమ్మా. తినడానికి కాదు. ఇదిగో, ఇక్కడ, బయటనుంచి లోపలికి ఒత్తినా నిలబడాలి’ అని పై పెదవి మీద వేలు పెట్టి చూపించాడు.

‘ఎవరు ఒత్తుతారు మిమ్మల్ని?’ అంది ఆమె నవ్వుతూ.

‘ట్రంపెట్.’

ఆ మాట బయటి మనుషులతో అనడం అదే మొదలు. గదిలో అది కొత్త చుట్టంలా నిలబడింది. డాక్టరమ్మ చేతిలోని పరికరం పళ్ళెంలో పెట్టేసింది. ‘మీరు ట్రంపెట్ వాయిస్తారా!’ తలుపు దగ్గర భార్య గాజుల చప్పుడు వినబడింది.

అతను కప్పు వైపు చూశాడు.

‘బాగా రాదమ్మా’ అన్నాడు. ‘కానీ వాయిస్తాను.’

అని నోరు తెరిచాడు.